అర్థం కాని మాటలు

మొదటి రోజు

తూర్పు గట్టు, ఏడో తూముల కేంద్రం. పడవ దిగేసరికి పదకొండు దాటింది. సామాను మెట్ల మీదికి చేర్చి పడవ వెళ్ళిపోయింది. మళ్ళీ ఐదు రోజులకి గాని రాదు.

ఈ చిట్టా కాగితం మీద పెన్సిలుతో రాస్తున్నాను. తూము తలుపులు నడిపే యంత్రాన్ని అందరూ పెట్టె అంటారు. ఈ గదిలో పైకి అన్న ప్రతి మాటా అది వింటుంది. రాసినది మాత్రం దానికి తెలియదు.

నా పేరు ఇందుమతి. గట్టు శాఖ శిక్షణ కళాశాలలో కొత్తగా చేరినవాళ్ళకి ‘మనిషి, యంత్రం: పరిచయం’ అనే పాఠం చెబుతాను. మనుషులు యంత్రాలతో ఎలా పని చేయించుకుంటారు, ఎక్కడ తడబడతారు, ఆ తడబాటులో యంత్రం వాటా ఎంత అని చూసే చదువు అది. మొదటి తరగతిలో ఏటా ఒకే మాట చెబుతాను. తప్పు జరిగితే ఆ మనిషిని ప్రశ్నలడగడం కాదు, ఆ మనిషి కూర్చున్న కుర్చీలో వెళ్ళి కూర్చోండి అని. ఏడేళ్ళుగా చెబుతున్నాను. నేను కూర్చోవడం ఇదే మొదటిసారి.

నలభై రోజుల కిందట ఇక్కడి కాపరి ఓలేటి సత్యవేణి నిండు పోటు మీద ఐదో తలుపు తెరిచింది. రెండు గంటలపాటు సముద్రం లోపలికి వచ్చింది. ఐదో కాలువ వెళ్ళేది విత్తనపు మళ్ళకి. ఉప్పునీళ్ళకి తట్టుకునే విత్తనం ఈ తీరంలో ఆ మళ్ళలోనే పెరుగుతుంది. మొత్తం మాడిపోయింది. పదకొండు ఊళ్ళు ఈ ఏడు ఊడ్పులు లేకుండా కూర్చున్నాయి.

సాక్ష్యం నాలుగు సెకన్ల రికార్డు. ఆవిడ గొంతే. “సరే. తెరువు.” అంతే.

మా శాఖాధిపతి పరాంకుశం గారు నాకొక కాగితం ఇచ్చారు. కారణం అన్నచోట రెండు గళ్ళున్నాయి: యంత్ర లోపం, మనిషి తప్పు. యంత్రాన్ని అప్పటికే పరీక్షించారు, లోపం లేదన్నారు. నెల రోజులు ఉండి, అంతా చూసి, రెండో గడిలో సంతకం పెట్టి రమ్మని ఆయన నెమ్మదిగానే చెప్పారు. వేరే కాపరి దొరకలేదు కాబట్టి ఈ నెల కాపలా కూడా నాదే.

గదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీదే పరుపుంది.

మూడో రోజు

పని చేతికి వస్తోంది.

గట్టుకి అవతల సముద్రం, ఇవతల పొలాల మురుగు కాలువలు. పన్నెండు తలుపులు. సముద్రం తీసినప్పుడు తలుపులెత్తి లోపలి నీళ్ళు వదలాలి. పోటు మొదలయ్యేలోపు మూసెయ్యాలి. రోజుకి రెండు ఆటులు, రెండు పోట్లు. ప్రతిసారీ ఒక్కో తలుపు గురించి పెట్టె విడిగా అడుగుతుంది. “మూడో తలుపు తెరవనా?” నేను కిటికీలోంచి కొలత పలక చూడాలి. సముద్రం కింద ఉంటే సరే అనాలి, పైన ఉంటే వద్దు అనాలి. రోజుకి నలభై ఎనిమిది ప్రశ్నలు.

మధ్యలో మిగతా చాకిరీ. జల్లెళ్ళకి పట్టిన గుర్రపుడెక్క లాగెయ్యాలి. తలుపుల వెలుపల నీటి మట్టం చూసే కన్నులుంటాయి. వాటి మీద ఉప్పు పేరుకుంటుంది. పొద్దున్నే మంచినీళ్ళ గుడ్డతో పన్నెండూ తుడవాలి. తుడవకపోతే పోటు మీద కూడా సముద్రం తక్కువగా ఉందనుకుని పెట్టె తెరవనా అని అడుగుతుంది. అందుకే చివరి మాట మనిషికి వదిలారు.

పెట్టె గొంతు బాగుంటుంది. అలసట లేని ఆడగొంతు. పదమూడో ప్రశ్నా నలభయ్యో ప్రశ్నా ఒకేలా అడుగుతుంది. నేను సరే అనగానే “తెరుస్తున్నాను” అంటుంది, అదే స్వరంలో.

ఒకప్పుడు దాన్ని ‘గంగా’ అని పిలిస్తేనే వినేది. రోజుకి నలభై ఎనిమిదిసార్లు ఆ పేరెత్తి పిలవడం విసుగని, పేరు తీసేస్తే ఒక్కో జవాబుకి రెండు సెకన్లు కలిసొస్తాయని ఎనిమిదేళ్ళ కిందట ఒక అధ్యయనం తేల్చింది. ఆ అధ్యయనం చేసింది నేనూ, నా స్నేహితురాలు కాత్యాయనీ. మూడో పాఠంలో మంచి మార్పుకి ఉదాహరణగా దాన్నే చెబుతాను. ఇక్కడ నిలబడి చూస్తే ఆ రెండు సెకన్లు నిజంగానే హాయిగా ఉన్నాయి.

మధ్యాహ్నం చారు పెట్టుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. అన్నం తింటూ చాలాసేపు సముద్రం వైపు చూశాను. అటు ఏ ఓడా రాదు.

ఆరో రోజు

ఈ రోజు పడవ వచ్చింది. నడిపేవాడు మల్లాడి పోతురాజు, యాభై ఏళ్ళ మనిషి. బియ్యం, మంచినీళ్ళు, కూరగాయలు దించాడు. నేను అతనితో వంకాయల గురించి మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాను. తాడు విప్పి చేత్తో పట్టుకుని అతను వింటూ నిలబడ్డాడు. అరగంట అయిందని ఆ తరవాత తెలిసి సిగ్గేసింది.

అతను నవ్వలేదు. “సత్యవేణి గారూ ఇంతేనండి. నన్ను కదలనిచ్చేవారు కాదండి,” అన్నాడు.

ఇప్పుడావిడ ఎలా ఉందని అడిగాను. కొత్తమూలలో తమ్ముడి ఇంట్లో ఉంటోందట. నోరు విప్పడం మానేసిందట. ఊళ్ళో కూడా ఎవరూ పలకరించడం లేదట. విత్తనపు మళ్ళలో తనకీ ఎకరం ఉందని, అది పోయిందని చెప్పి, తానూ పలకరించడం లేదన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఒక లెక్క రాసుకుంటున్నాను. పెట్టె అడిగినప్పుడు పలక చూడకుండా సరే అన్నప్పుడల్లా గోడ మీద గీత గీస్తున్నాను. మొదటి రోజు ఒక్కటీ లేదు. నిన్న ఆరు. ఇవాళ తొమ్మిది. కళాశాలలో దీని గురించి గంట సేపు చెప్పగలను. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగితే మనిషి ప్రశ్న వినడం మానేస్తాడు, దాని రాగం మాత్రమే వింటాడు. తెలిసి కూడా తొమ్మిది గీతలు పడ్డాయి.

తొమ్మిదో రోజు

పొద్దుటి ఆటు ముగిశాక తలుపులన్నీ మూసి, నాలుగు గంటల వ్యవధి చూసుకుని పోతురాజు పడవలో కొత్తమూల వెళ్ళాను.

సత్యవేణి పెరటి అరుగు మీద కూర్చుని నైలాను తాడు పేనుతోంది. యాభై మూడేళ్ళంటారు, ఇంకా పెద్దదానిలా ఉంది. తమ్ముడి భార్య నాకు పీట వేసి, నేనెవరో ఆవిడతో చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. తలూపింది, అంతే. పలక చూశారా అంటే తెలియదన్నట్టు చెయ్యి తిప్పింది. వంట చేస్తున్నారా అంటే అవునన్నట్టు తలూపింది. నేను చాలా నెమ్మదిగా, పాఠాల్లో చెప్పే పద్ధతిలో, తప్పు మీదని అనడానికి రాలేదని చెప్పాను. అప్పుడు తాడు ఒళ్ళో పెట్టుకుంది.

“నా గొంతే కదండి,” అంది. ఎన్నాళ్ళో వాడని గొంతులా బొంగురుగా ఉంది. “ఇచారణలో ఇనిపించేరండి. నేనే అనుంటానండి. అన్నట్టు గుర్తులేదంతే.”

మళ్ళీ తాడు అందుకుంది. నేను లేచేటప్పుడు తమ్ముడి భార్య గుమ్మం దాకా వచ్చి, వదిన ఇంట్లో కూడా నీళ్ళు కావాలన్నా చెంబు చూపిస్తుందని, నోరు తెరిస్తే ఏది తెరుచుకుంటుందో అని భయమేమోనని చెప్పింది.



పదకొండో రోజు

పెట్టె నిల్వలు చూడడం నా పనిలో భాగం. ఇవాళ తీరిక చేసుకుని తెర ముందు కూర్చున్నాను. రెండు అరలున్నాయి. ఒకటి ‘ఆజ్ఞలు’. విచారణలో చూసింది అదే. రెండోది ‘అర్థం కాని మాటలు’. పెట్టె విన్నది ఆజ్ఞో కాదో తేలకపోతే ఆ ముక్కని అక్కడ దాస్తుంది, తయారుచేసినవాళ్ళు ఎప్పుడైనా విని దాన్ని మెరుగుపరచడానికి. ఆ అర ఎప్పుడెప్పుడు తెరిచారో పక్కన తేదీలుంటాయి. ఒక్క తేదీ లేదు. ఇవాళ నాదే మొదటిది.

పద్నాలుగు వేల ముక్కలు.

మొదటి నాలుగేళ్ళవి చాలా కొద్ది. అప్పుడిక్కడ ఇద్దరు కాపరులు. సత్యవేణితో పాటు కృపావతి అనే ఆవిడ ఉండేది. ఒకరు పలక చూసి చెబితే ఒకరు జవాబిచ్చేవారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే పెట్టెకి ఇబ్బంది లేదు. రెండు గొంతులు ఒకదానికొకటి బదులిస్తుంటే అది సంభాషణ అని, తనది కాదని వదిలేసేది. నాలుగేళ్ళ కిందట శాఖ రెండో ఉద్యోగం తీసేసింది. కృపావతి వెళ్ళిపోయింది.

ఆ తరవాతి నెలలో ఏడు ముక్కలు. ఆ పై నెల నలభై. ఏడాది తిరిగేసరికి రోజుకి పది, పన్నెండు. అన్నీ ఒక్క గొంతే.

“కృపా, మబ్బేసింది, ఒడియాలు లోపలెట్టు.”

“ఈ పూట నాకు అన్నం సయించట్లేదే. నువ్వు తినేసెయ్.”

“ఏటలా చూస్తావు. తల దువ్వుకుంటాన్లే.”

వింటూ ఉంటే సాయంత్రమైంది. మధ్యలో పెట్టె అడిగిన వాటికి జవాబులిచ్చాను. ఏమిచ్చానో గుర్తు లేదు. గోడ మీద గీతలు గీయడం కూడా మరిచిపోయాను.

చివరికి ఆ రోజు దగ్గరికి వచ్చాను. మొదటి ముక్క: “ఈ డబ్బా మూత బిగిసిపోయింది కృపా. చెయ్యి పట్టట్లేదు. నువ్వు తీస్తావేటి?” తరవాత ముక్క ఈ అరలో లేదు, ఆజ్ఞల్లో ఉంది: “సరే. తెరువు.” మళ్ళీ ఇక్కడ, ఆరు సెకన్ల తరవాత: “ఆఁ, వచ్చింది. నీ చేతిలో ఏవుందో మరి.”

మధ్యలో ఆవిడ ఆగిన ఆ కాస్త వ్యవధిలో పెట్టె అడిగింది, “ఐదో తలుపు తెరవనా?” అని. అదే రాగం, అదే స్వరం. ఆవిడకి వినిపించి ఉండదు.

ఈ మూడు ముక్కలు వరసగా వినిపిస్తే చాలు, విచారణ సంఘంలో ఎవరూ రెండో గడి వైపు చూడరు.

పదమూడో రోజు

చేతిలో పట్టే చిన్న రికార్డరులోకి ఆ మూడు ముక్కలు ఎక్కించుకుని కొత్తమూల వెళ్ళాను. ఎంత సంబరంగా వెళ్ళానో రాయడానికి ఇప్పుడు మొహం చెల్లడం లేదు.

మొదటి ముక్క వినిపించాను. కృపా అన్న పేరు రాగానే ఆవిడ చెయ్యి చాచి రికార్డరు మీద అరచెయ్యి మూసింది. గొంతు ఆగలేదు, అరచేతి కింద సన్నగా వినిపిస్తూనే ఉంది. నేనే ఆపాను.

ఇంకా ఎన్నున్నాయని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. పద్నాలుగు వేలన్నాను. ఎవరెవరు విన్నారంది. నేనొక్కదాన్నే అన్నాను. ఇది వినిపిస్తే ఆవిడ మీద మచ్చ పోతుందని, ఉద్యోగం వస్తుందని, ఊళ్ళో తలెత్తుకోవచ్చని చెప్పాను.

“అది కాలం చేసి రెండేళ్ళైందండి,” అంది సత్యవేణి. “నాకు తెలుసండి అది లేదని. తెలిసే మాటాడేను. నన్ను పిచ్చిదంటే అననియ్యండి. దాని పేరు ఆళ్ళ నోట్లో పడకూడదండి. ఆళ్ళు బల్ల చుట్టూ కూకుని, నవ్వుకుంటా ఇంటారు కదండి.”

ఎవరూ నవ్వరన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపుకి ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

“తప్పు నాదేనని రాసెయ్యండి. నాకేం కష్టం లేదండి.”

వినిపించనని మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండలేకపోయాను. వస్తుంటే పోతురాజు, ఏమైనా చెప్పిందా అని అడిగాడు. లేదన్నాను.

పదిహేడో రోజు

రెండు రోజులుగా జ్వరం. వాన. నిన్నా ఇవాళా కన్నులు తుడవడానికి మెట్లు దిగలేకపోయాను.

ఇది ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మధ్యాహ్నం పోటు నిండుగా ఉంది. పన్నెండు తలుపులూ మూసే ఉన్నాయి. గంజి కాచుకుంటూ పొయ్యి దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను. ఎన్నాళ్ళ నుంచి మాట్లాడుతున్నానో నాకే తెలియదు. బహుశా వారం పైనే అయి ఉంటుంది. కాత్యాయనితో మాట్లాడుతున్నాను. మేమిద్దరం మాట్లాడుకుని ఆరేళ్ళయింది. కళాశాల వదిలి ఏదో కొండ ఊళ్ళో బడి నడుపుతోందని ఎవరో చెప్పారు. ఆవిడ పొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డట్టే అనుకుని, ఆవిడ అనబోయేది కూడా నేనే ఊహించుకుని, “సరేనే, నువ్వన్నదే నిజం. సరే,” అన్నాను.

గంజి దింపాను. తాగాను. కాసేపటికి నేల కింద నుంచి దడదడ మొదలైంది. అది వాన అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే ఎనిమిదో కాలువలో నీళ్ళు వెనక్కి పారుతున్నాయి, నురగతో, పొలాల వైపు.

“మూసెయ్,” అని అరిచాను. ఏ తలుపు మూయాలో చెప్పమని పెట్టె అడిగింది. నాకు అంకె నోటికి రాలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టి ఎనిమిది అన్నాను.

పదకొండు నిమిషాలు. ఎనిమిదో కాలువ బీడు చెరువులోకి వెళుతుంది కాబట్టి ఎవరి పంటా పోలేదు. అది అదృష్టం, నా జాగ్రత్త కాదు.

తెర ముందుకి వెళ్ళి ఆజ్ఞల అర తెరిచాను. ఎనిమిదో తలుపు తెరవనా అని పెట్టె అడిగినట్టు ఉంది. దాని కింద నా గొంతు. ఒక్క సెకను. “సరే.” వింటే ఎవరైనా నమ్ముతారు. స్పష్టంగా, తొణక్కుండా, తెలిసి ఇచ్చిన జవాబులా ఉంది.

పద్దెనిమిదో రోజు

జ్వరం తగ్గింది. పన్నెండు కన్నులూ తుడిచాను.

ఎనిమిదేళ్ళ కిందటి అధ్యయనంలో ఇరవై నలుగురు కాపరులను కళాశాలకి పిలిపించాం. ఒక్కొక్కరినీ అరగంట కూర్చోబెట్టి పెట్టెతో మాట్లాడించాం. ఎదురుగా మేమిద్దరం రాసుకునే అట్టలు పట్టుకుని కూర్చున్నాం. పక్కన మనుషులుంటే ఎవరూ గాలితో మాట్లాడరు. పేరు తీసేస్తే బాగుంటుందని అందరూ అన్నారు. నిజమే అన్నారు, ఆ గదిలో.

సంతకం పెట్టేముందు కాత్యాయని ఒక మాట అంది. ఇలా కాదు, మనలో ఒకరం గట్టు మీదికి వెళ్ళి నెల రోజులు ఒంటరిగా ఉండి చూడాలి అని. గడువు లేదన్నాను. వాదించింది. నీకు పని జరగడం ఇష్టం లేదని అందరి ముందూ అన్నాను. ఆవిడ పేరు లేకుండానే నివేదిక పంపాను. నాకు పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ పై రెండేళ్ళకి ఆవిడ వెళ్ళిపోయింది. ఆపడానికి నేను వెళ్ళలేదు.

పేరు తీసేసింది నేను. తరవాత రెండో మనిషిని తీసేసింది శాఖ. మిగిలిన ఒక్క మనిషి మీద శాఖా నేనూ కలిసి తప్పు రాయబోయాం.

సత్యవేణి మాటలు వినిపించనని మాటిచ్చాను. కానీ ‘అర్థం కాని మాటలు’ అరలో ఇప్పుడు నావి కూడా ఉన్నాయి. లెక్కపెట్టాను. పన్నెండు రోజుల్లో నూట అరవై మూడు. అవి నావి. ఎవరికి వినిపించాలన్నా ఎవరినీ అడగనక్కర్లేదు.

ఎనిమిదో తలుపు సంగతి బయటపెడితే పాఠాలు చెప్పే ఉద్యోగం ఉండదు. పెట్టకపోతే ఎవరికీ తెలియదు. ఈ రెండు వాక్యాలూ రాసి పెన్సిలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఇరవై ఐదో రోజు

నిన్న పట్నంలో సంఘం కూర్చుంది. నేను తిరిగొచ్చేదాకా పోతురాజు తూముల దగ్గర కాపలా ఉన్నాడు.

బల్ల చుట్టూ ఐదుగురు, మధ్యలో పరాంకుశం గారు. సంతకం చేసిన కాగితం తెచ్చావా అమ్మా అన్నారు. ముందు కొంచెం వినాలన్నాను. నూట అరవై మూడు ముక్కల్లో నలభై నిమిషాలవి తీసుకెళ్ళాను. మొదలుపెట్టాను.

నా గొంతు ఆ గదిలో చాలా పెద్దగా వినిపించింది. కాత్యాయనీ, ఇవాళ చారు కుదిరింది. కాత్యాయనీ, నీ చీర ఆకుపచ్చదొకటి ఉండేది, ఏం చేశావు. నామీద ఇంకా కోపమేనా. ఒకాయన బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు. ఒకావిడ పెదవి బిగబట్టుకుంది, నవ్వో జాలో తెలియలేదు. సత్యవేణి చెప్పింది సరిగ్గా ఇలాంటి బల్లే. నాకు చెవులు మండిపోయాయి. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను.

పది నిమిషాలయ్యాక పరాంకుశం గారు ఇది ఆపొచ్చు కదా అన్నారు. ఎనిమిదో తలుపు దాకా వినమని అడిగాను. విన్నారు. ఆ సరే వచ్చింది. దాని కిందనే, పెట్టె దాచిన లెక్కలోంచి, పదకొండు నిమిషాలు ఎంత నీరు లోపలికొచ్చిందో చూపించాను.

“సత్యవేణి కూడా ఇలాగే మాట్లాడేదంటావా?” అని అడిగారాయన.

“ఆవిడ ఏం మాట్లాడిందో నేను చెప్పనండి,” అన్నాను. “నేను చదువుకున్నదాన్ని. ఈ ప్రమాదం ఎలా జరుగుతుందో ముందే తెలిసి అక్కడికి వెళ్ళినదాన్ని. పదిహేడు రోజులు పట్టింది. ఆవిడ నాలుగేళ్ళుంది. తనతో మాట్లాడుతున్నారో లేదో తెలియని పెట్టె దగ్గర ఒక్క మనిషిని వదిలేశాం. వదిలెయ్యొచ్చని ఎనిమిదేళ్ళ కిందట రాసిచ్చింది నేనే. ఆ నివేదిక కూడా తెచ్చాను.”

నివేదిక ఐదుగురి చేతులూ మారింది. తరవాత చాలా మాట్లాడారు. చివరికి ఆ కాగితంలోని రెండు గళ్ళూ కొట్టేసి కింద చేత్తో రాశారు. సత్యవేణి మీద తప్పు లేదు. అన్ని కేంద్రాల్లోనూ పెట్టెకి మళ్ళీ పేరు పెట్టాలి, పేరు పిలిస్తేనే వినాలి. రెండో మనిషి సంగతి తరవాత చూద్దామన్నారు. ఆ ‘తరవాత’ ఎలాంటిదో నాకు తెలుసు. తలుపు తెరిచినందుకు నన్ను ఏడాదిపాటు పాఠాల నుంచి తప్పించారు. కొత్త కాపరి దొరికేదాకా ఏడో కేంద్రంలోనే ఉండమన్నారు.

బయటికొచ్చాక పరాంకుశం గారు మెట్ల దగ్గర ఆగి, ఇంత బయటపెట్టుకోకుండా ఇంకోలా చెప్పొచ్చేమో అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఇంకోలా నాకు తెలియలేదన్నాను.

ముప్పై రెండో రోజు

పొద్దున పదింటికి పడవ వచ్చింది. సామాను రోజు కాదు. పోతురాజు ముందు దిగి చెయ్యి అందిస్తే సత్యవేణి దిగింది. అతను చెయ్యి అందించడం చూశాను. ఆవిడ పట్టుకోవడం కూడా చూశాను. సాయంత్రం ఆటుకి ముందే వస్తానని చెప్పి అతను చేపలకి వెళ్ళిపోయాడు.

ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పెట్టె వైపు చూస్తోంది. ఇప్పుడది పేరు పిలిస్తే తప్ప వినదని చెప్పాను. నమ్మలేదు. నన్ను కూడా మాట్లాడొద్దని చెయ్యి ఊపింది.

తరవాత గడప దాటి లోపలికొచ్చి పెట్టెకి ఎదురుగా నిలబడి, పెదవులు కదిలీ కదలనట్టు, “తెరువు,” అంది.

పెట్టె పలకలేదు.

“తెరువు,” అంది ఇంకొంచెం గట్టిగా. “ఐదో తలుపు తెరువు. సరే. తెరువు.” కిటికీ దగ్గరికి వెళ్ళి కాలువ చూసింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. మళ్ళీ వచ్చి ఇంకోసారి అంది, ఈసారి మామూలు గొంతుతో, ఇంట్లో మనిషితో అన్నట్టు. అప్పుడు కుర్చీలో కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి నిలబడ్డాను. ఏం చెయ్యాలో నా చదువులో ఎక్కడా లేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని, ఆ అర ఏదో చూపించమంది. తెర మీద చూపించాను. కావాలంటే ముందు వినొచ్చన్నాను. వద్దంది.

“నేనన్నవే కదండి. నాకు తెలుసు ఏమన్నానో. తుడిచెయ్యండి.”

తుడిచేశాను. పద్నాలుగు వేల ముక్కలు పోవడానికి నీళ్ళ గ్లాసు ఖాళీ చేసేంత సేపు కూడా పట్టలేదు.

మళ్ళీ ఉద్యోగంలోకి వస్తారా అని అడిగాను. ఇంకో మనిషిని వేస్తే వస్తానంది, వెయ్యకపోతే తాడు పేనుకుంటానంది. ఆ మాట శాఖకి రాయమంది. రాస్తానన్నాను.

ఇంక వచ్చిన పని అయిపోయింది. పడవకి ఇంకా చాలా పొద్దుంది. ఆవిడ రెండో మంచం మీద చెయ్యి పెట్టి, దుమ్ము దులిపి, దాని అంచున కూర్చుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. నాకు మాట దొరకలేదు. ముప్పై రెండు రోజుల్లో గాలితో అన్ని మాటలాడాను. ఎదురుగా మనిషి కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

“మీరూ మాటాడేరంట కదండి,” అంది సత్యవేణి. “పోతురాజు చెప్పేడు. ఎవరితోటండి?”

ఒక స్నేహితురాలితో అన్నాను.

“పోయేరా?”

“లేదు. ఉంది. కొండల్లో ఎక్కడో బడి పెట్టుకుంది.”

“ఉంటే మరి ఇక్కడ మాటాడటం ఏటండి?”

ఆవిడ కాళ్ళు పైకి పెట్టుకుని, గోడకి ఆనుకుని, నా వైపు తిరిగి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో పెట్టె నాలుగో తలుపు గురించి ఏదో అడిగింది. ఆవిడ లేచి కిటికీలోంచి పలక చూసి, సముద్రం పైనుందని నాకు చెప్పింది. నేను పెట్టెని పేరుపెట్టి పిలిచి వద్దన్నాను. ఆవిడ మళ్ళీ వచ్చి కూర్చుని, “ఊఁ, చెప్పండి, ఆ అమ్మాయి అప్పుడేమంది?” అంది.